గుర్రం గడి

చదరంగమంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చొని, మాటా మంతీ లేకుండా గళ్ల వంక చూస్తూ గంటలు గడపడం ఏం ఆటో నాకు అర్థమయ్యేది కాదు. నా నెట్ సెంటర్‌లో ఎవరైనా కంప్యూటర్ మీద ఆ ఆట తెరిస్తే, కరెంటు పోతే బాగుండునని కోరుకునేదాన్ని. ఆర్మూర్‌లో ఆ కోరిక తీరడానికి మొక్కులేమీ అక్కర్లేదు, మధ్యాహ్నం కాగానే అదే పోయేది. ఇన్వర్టర్ పెట్టించాక ఆ ఆశ కూడా లేకుండా పోయింది. అలాంటి నేను ఇప్పుడు ఒక చదరంగం ఆట గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. వేరేవాళ్లు చెబితే, పోవయ్యా అనేదాన్ని.

నా పేరు వినోద. పెర్కిట్ పోయే రోడ్డులో, ఎరువుల దుకాణం పక్కన నా సెంటర్. నా గిరాకీలో సగం గల్ఫ్ పుణ్యమే. వీసా కాగితాలు ప్రింటు తీయించుకునేవాళ్లు, టికెట్ కోసం వచ్చేవాళ్లు, దుబాయిలో ఉన్న మొగుడితో మాట్లాడడానికి వచ్చే ఆడవాళ్లు. శుక్రవారమైతే చెప్పనే అక్కర్లేదు. అక్కడ అది సెలవు రోజు. పిల్లల్ని చంకనేసుకొని వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, తెర మీద ఆగి ఆగి కదిలే మొగుడి మొహం చూసి ఏడుస్తారు. కీబోర్డు మీద కన్నీళ్లు పడితే పాడవుతుందని నేను కేకలేస్తాను. కేకలేయకపోతే నేనూ వాళ్లతో కూర్చొని ఏడవాల్సి వస్తుంది.

గంగాకిషన్ కాక మొదటిసారి వచ్చింది మార్కెట్‌లో పసుపు అమ్ముకొని ఇంటికి పోతూ. వేల్పూర్ దగ్గరి రైతు, యాభై దాటిన మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. గోళ్ల సందుల్లో పసుపు రంగు ఎన్ని స్నానాలు చేసినా పోదు. చేతిలో తమ్ముడి పాస్‌పోర్టు ఫోటో ఉంది.

“కంప్యూటర్ల ఎసోంటి మనిషినైనా దొరకవట్టొచ్చంటున్నరు,” అన్నాడు. “మా తమ్మున్ని జర దేవులాడు బిడ్డా.”

తమ్ముడి పేరు హన్మండ్లు. దుబాయి పోయి నాలుగేళ్లవుతోంది. చెప్పిన కంపెనీ ఒకటి, పెట్టిన పని ఇంకొకటి కావడంతో అక్కడి నుంచి పారిపోయాడు. పాస్‌పోర్టు షేక్ దగ్గరే ఉండిపోయింది. కాగితాలు లేకుండా దొంగచాటుగా బతికేవాళ్లను మా దిక్కు కల్లివెల్లి అంటారు. హన్మండ్లు కల్లివెల్లి అయ్యాడని జక్రాన్‌పల్లి మనిషి ఒకతను వచ్చి చెప్పాడట. ఆ తర్వాత ఫోను లేదు, జాడ లేదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు.

నేను పేరు కొట్టి చూశాను. ఎవరెవరో హన్మండ్లు వచ్చారు, ఒక్కడూ మనవాడు కాదు. ఆ మాట చెబితే కాక తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ వారం వచ్చాడు. మళ్లీ కొట్టమన్నాడు. కంప్యూటర్ రోజుకో రకంగా చెప్పదు కాకా అని నేను విసుక్కున్నాను కూడా. అయినా వచ్చేవాడు.

ఆ వానకాలం దుబాయి సర్కారు మాఫీ ప్రకటించింది. కాగితాలు లేనివాళ్లు జైలూ జరిమానా లేకుండా గడువు లోపల ఇంటికి పోవచ్చు. గడువు దాటాక దొరికితే మాత్రం జైలే. ఆ కబురు రాగానే మా చుట్టుపక్కల ఊళ్లన్నీ ఫోన్లకు అతుక్కుపోయాయి. రారా నాయనా, ఇప్పుడే రారా అని ఎవరి మనిషికి వాళ్లు చెప్పుకుంటున్నారు. కాకకు చెప్పాలంటే నంబరు లేదు. నా సెంటర్‌లో మూల కుర్చీలో కూర్చొని, తమ మనుషులతో మాట్లాడే ఆడవాళ్లను చూస్తూ ఉండేవాడు. ఆ చూపు చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఒకరోజు ఎవరో చదరంగం పేజీ మూయకుండా పోయారు. కాక దాని ముందు ఆగిపోయాడు. “గిది మా ఆట గదా,” అన్నాడు.

కాసేపు మనసు మళ్లుతుందిలే అని మౌసు పట్టడం నేర్పించాను. ఆ సైటులో ఆడాలంటే ఒక పేరు పెట్టుకోవాలి. నీ పేరు పెట్టనా అంటే వద్దన్నాడు. సిద్ధులగుట్ట అని పెట్టమన్నాడు. మా ఆర్మూర్ గుట్ట పేరు లోకంలో ఎవరికి తెలుసు కాకా అంటే, “ఎవలికి తెల్వకపోతే ఏంది? మావోడు ఎప్పుడన్న చూస్తే వానికి తెలుస్తది,” అన్నాడు. పేరు కొట్టి ఇచ్చాను.

ఆయన ఆడే ఆట వేరు. ఆ ఆట అన్నదమ్ములిద్దరికీ బాపు నేర్పాడట. పసుపు ఉడకబెట్టి కళ్లంలో ఆరబోశాక రోజుల తరబడి కావలి ఉండాలి కదా. ఆ కావలిలో సున్నపు ముక్కతో నేల మీద గళ్లు గీసి, పసుపు కొమ్ముల్ని బంట్లుగా, లావుపాటి పసుపు గుండ్లను పెద్ద పావులుగా పెట్టి ఆడేవాళ్లు. ఆ కళ్లం ఆటకు కొన్ని కట్టుబాట్లున్నాయి. బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది, కంప్యూటర్ రెండు గడులు నడవమన్నా సరే. పావును పెట్టాక పెట్టినట్టే, వెనక్కి తీసుకోవడం చచ్చినా లేదు. మూడోది నాకు తర్వాత తెలిసింది. ఒక ఆటలో కాక బంటు చివరి వరుస దాకా పోయింది. అలా పోయిన బంటుకు పెద్ద హోదా ఇస్తారు. ఏ పావు కావాలో కోరుకోమని తెర మీద చిన్న డబ్బా వచ్చింది. అందరూ మంత్రినే కోరుకుంటారు, అన్నింటికంటే బలమైన పావు అదే. కాక ఏనుగును నొక్కాడు.

మంత్రిని తీసుకోవచ్చు కదా కాకా అన్నాను. నన్ను తెలివి తక్కువ దాన్ని చూసినట్టు చూశాడు.

“ఏనుగు గడిలకు వోయింది, ఏనుగైతది. మంత్రి ఎట్లయితది?”

కళ్లం ఆటలో బంటు ఏ గడిలోకి చేరితే ఆ గడి పావే అవుతుందట. గుర్రం గడిలోకి పోతే గుర్రం, ఒంటె గడిలోకి పోతే ఒంటె. ఆ సైటు వాళ్లకే ఆట రాదని తేల్చేశాడు. ఇంకోసారి చెయ్యి జారి మౌసు తప్పు గడిలో పావును వదిలింది. వెనక్కి అడిగే బటన్ ఉంది, ఒత్తనా అంటే కోపమొచ్చింది ఆయనకు. పెట్టినంక పెట్టినట్టే అని ఓడిపోయి లేచి వెళ్లాడు. ఏం మనిషో అనుకున్నాను.

ఒక శుక్రవారం ఆయనకు ఆటకు పిలుపు వచ్చింది. పిలిచినవాడి పేరు ఖజూర్. ఏ దేశమో రాసుకోలేదు. కాక ఒక్క గడి బంటును నడిపితే వాడూ ఒక్క గడే నడిపాడు. కాక ఇంకో బంటును దాని పక్కన ఆనించాడు, వాడూ ఆనించాడు. కొంతసేపటికి బల్లకు అడ్డంగా బంట్లన్నీ ముక్కూ ముక్కూ తగిలేలా నిలబడిపోయాయి. ఏనుగులు కదలవు, ఒంటెలు కదలవు, మంత్రి ఇటు గడి అటు గడి తిరుగుతున్నాడు. ఇంత ఆట నడిచినా చచ్చిన పావు ఒక్కటీ లేదు.

మా మేనమామ పెద్దులు ఆటో నడుపుతాడు. గిరాకీ లేనప్పుడు నా దగ్గరికి వచ్చి నిలబడతాడు. చదరంగంలో ఓనమాలు రావు గానీ, తెర చూసి సంగతి పసిగట్టాడు. “గిది మన మామిడిపల్లి చౌరస్తలెక్కనే ఉన్నది. ఎవడు జరగడు, ఎవడు జరగనియ్యడు,” అన్నాడు.

ఆ సైటులో ఒకరి ఆటను ఇంకొకరు చూడొచ్చు, పక్కన రాసుకుంటూ మాట్లాడుకోవచ్చు. కాక ఆటకు అప్పటిదాకా ఈగ కూడా వచ్చేది కాదు. ఆ రోజు ఒక మనిషి వచ్చాడు. పేరు యోప్, హాలండ్‌లో ఉంటాడు, రిటైరైన పెద్దమనిషి. ఇలాంటి ఆటను తాళం పడ్డ ఆట అంటారని, ఈ కాలంలో ఎవరూ ఇంత ఓపికగా తాళం వెయ్యరని, ఎవరు మీరు అని రాశాడు. నేను నా ఇంగ్లీషుకు తోచినట్టు కాకకు తెలుగులో చెప్పాను. పసుపు రైతునని చెప్పు అన్నాడు. రాశాను. అవతలి నుంచి బోలెడు ప్రశ్నలు వచ్చాయి. అన్నింటికీ జవాబు చెప్పడానికి నాకేమైనా జీతమిస్తున్నారా? వదిలేశాను.

మరుసటి శుక్రవారం ఖజూర్ మళ్లీ వచ్చాడు. యోప్ ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు. వాళ్లలో పుణెలో ఉండే ఇంజనీరు ఒకడు, మాట దురుసు. మళ్లీ గోడకు గోడ. ఆట ఎటూ తేలలేదు. ఆ పై శుక్రవారానికి తెర పక్కన పేర్ల వరుస కిందికి జరిపితే గానీ అయిపోయేది కాదు. రష్యా, బ్రెజిల్, నేను పేరు కూడా వినని దేశాలు. వాళ్లందరూ వేల్పూర్ కళ్లంలో పుట్టిన గోడ ముందు నిలబడి, ఇక్కడ బీట ఉంది, అక్కడ సందు ఉంది అని వాదించుకుంటున్నారు. ఇద్దరూ బంటును రెండు గడులు నడపడం లేదెందుకని ఒకరడిగితే, కొత్తగా నేర్చుకున్నవాళ్లు అలాగే ఆడతారని పుణె ఇంజనీరు కొట్టిపారేశాడు. నేను నోరు తెరుచుకొని చదువుతుంటే, హెడ్‌ఫోన్ పనిచేయట్లేదక్కా అని ఒకామె వెనక నుంచి అరుస్తోంది.

కాక మాత్రం మారిపోతూ వచ్చాడు. శుక్రవారం రోజు స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకొని వచ్చేవాడు. ఆట మధ్యలో చెయ్యి ఆపి ఖజూర్ పేరు వంక చూసేవాడు. ఒకసారి ఆ మనిషిని పేరేమిటో, ఊరేదో అడగమన్నాడు. నేను ఇంగ్లీషులో అడిగాను. జవాబు లేదు. మరుసటి వారం మళ్లీ అడిగించాడు. జవాబు లేదు. ఎవడో పొగరుబోతు కాకా, వదిలెయ్ అన్నాను.

ఆ రోజే, ఆట అయ్యాక, కుర్చీలోంచి లేవకుండా నాకు ఒక సంగతి చెప్పాడు. హన్మండ్లును సాకింది తనే. తల్లి ముందే పోయింది, బాపు పోయేనాటికి వాడు చిన్నోడు. ఇద్దరూ కలిసి పసుపు పండించేవాళ్లు. ఏజెంటు మాటలు విని దుబాయి పోతానని వాడు పట్టుబడితే కాక వద్దన్నాడు. వాడు వినలేదు. బస్సెక్కే రోజు, అందరి ముందు, పోతే పో గానీ మళ్లీ నా గడప తొక్కకు అనేశాడు.

“గట్ల అనేసిన బిడ్డా,” అన్నాడు. “నా నోటితోటే అన్న. వాడు పట్టుకున్నడు ఆ మాటను. వాడు నా తమ్ముడే గదా.”

ఆ మొండితనం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పక్కర్లేదు. నేను చాయ్ తెప్పించాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తోచలేదు.

మాఫీ గడువుకు ముందు వచ్చిన చివరి శుక్రవారం అది. వచ్చే శుక్రవారానికి గడువు దాటిపోయి ఉంటుంది. బయట ముసురు పట్టింది. కాక తెల్లపావులు, ఖజూర్ నల్లపావులు. మధ్యాహ్నం మొదలైన ఆట మామూలుగానే తాళం పడింది. గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంది, కుడి పక్కన గుర్రం వరుసలో ఎదురెదురు బంట్ల మధ్య కాస్త సందు తప్ప. పక్కన చూసేవాళ్లు ఎప్పటికంటే ఎక్కువ మంది ఉన్నారు. ఇది దేవుడు దిగి వచ్చినా తెరుచుకోదు, చేతులు కలిపి లేవండి అని పుణె ఇంజనీరు రాశాడు. ఎక్కువమంది అదే మాట అన్నారు. నేను చదివి వినిపించాను. కాక తల అడ్డంగా ఊపాడు. కళ్లం ఆటలో మధ్యలో లేవడం కూడా లేదట.

అప్పుడు ఖజూర్ తన ఏనుగును తీసుకొచ్చి కాక బంటుకు అందేలా ఐమూలగా పెట్టాడు. ఉత్తపుణ్యానికి. చంపుకో అన్నట్టు.

వీడికి పిచ్చిపట్టిందని ఒకరు రాశారు. నిద్రలో ఆడుతున్నాడని ఇంకొకరు. కాక ఏనుగును చంపాడు. చంపక తప్పదు, లేకపోతే రాజుకు ఎసరు. కానీ దాన్ని చంపడానికి బంటు పక్క వరుసలోకి జరిగింది. ఇన్ని వారాలుగా చీమ దూరని గోడలో ఒక గడి ఖాళీ అయింది.

యోప్ ఒకే మాట రాశాడు. ఆగండి, అని.

ఆ సందులోంచి ఖజూర్ బంటు బయలుదేరింది. ఒక గడి. కాక పావులన్నీ ఎడమ పక్కన, తను కట్టుకున్న గోడ వెనకే ఇరుక్కుపోయాయి. దాన్ని ఆపడానికి ఏదీ రాలేదు. ఇంకో గడి. నాకు చదరంగం రాదని చెప్పాను కదా, అయినా తెర మీది నుంచి చూపు తిప్పలేకపోయాను. అంత పెద్ద బల్ల మీద అంత చిన్న పావు, ఒక్కటే, తొందర లేకుండా నడుచుకుంటూ పోతోంది. పక్కన అన్ని దేశాలవాళ్లు ఉండి కూడా ఒక్క అక్షరం రావడం లేదు. పెద్దులు మామ బీడీ వెలిగించుకోవడం మరిచి నోట్లో పెట్టుకొని నిలబడ్డాడు. ఏదైనా పెద్ద పని జరిగేటప్పుడు పక్కన నిలబడితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

బంటు చివరి వరుసకు చేరింది. గుర్రం గడి.

ఖజూర్ ముందు ఇప్పుడు ఆ చిన్న డబ్బా వచ్చి ఉంటుంది, ఏ పావు కావాలని. మంత్రిని తీసుకుంటే అయిపోయిందని, రెండు ఎత్తుల్లో రాజుకు ఆట కట్టేనని చూసేవాళ్లందరూ రాశారు. కాక నెమ్మదిగా వెనక్కి వాలాడు. ఖజూర్ ఆలోచిస్తున్నాడు. అందులో ఆలోచించడానికి ఏముందో ఎవరికీ అర్థం కాలేదు. అతని గడియారంలో నిమిషాలు కరిగిపోతున్నాయి.

ఆ తర్వాత తెర మీద, ఆ గడిలో, గుర్రం వచ్చింది.

పక్కన రాతల వరద. చెయ్యి జారిందని కొందరు, ఇందులో మనకు అందని ఎత్తుగడ ఏదో ఉందని కొందరు. పుణె ఇంజనీరు లెక్కలు కట్టి చూసి ఏమీ లేదన్నాడు, వట్టి తెలివితక్కువ పని అని నవ్వాడు. గెలిచిన ఆటను ఎవడైనా ఇలా పారేసుకుంటాడా అని యోప్ ఆశ్చర్యపోయాడు. నేను వరసగా చదువుతూ కాక వైపు తిరిగాను.

కాక లేచి నిలబడి ఉన్నాడు.

“గుర్రం గడిల గుర్రం,” అన్నాడు. “బిడ్డా, గుర్రం గడిల గుర్రం.”

నాకు అప్పుడు తలకెక్కింది. లోకంలో ఇంతమంది ఆడుతున్నారు, అందరికీ ఆ గడిలో మంత్రే కనబడింది. ఆ గడిలో గుర్రం కనబడాలంటే, పసుపు కళ్లంలో సున్నపు గీతల ముందు కూర్చొని ఉండాలి. ఒక్క గడి నడిచే బంట్లు. పేరు అడిగితే జవాబు లేదు. శుక్రవారం తప్ప ఇంకో రోజు రాడు. శుక్రవారం! వారం వారం నా సెంటర్ నిండా గల్ఫ్ ఆడవాళ్లను కూర్చోబెట్టుకొని కూడా నాకు ఆ ముక్క తట్టలేదు. నా తలకాయలో ఏముందో ఏమో.

పేరు రాసి అడుగుదాం కాకా, హన్మండ్లువేనా అని అడుగుదాం అన్నాను. కాక వద్దన్నాడు. కుర్చీలో కూర్చొని కళ్లు తుడుచుకున్నాడు.

“ఎన్కకు తీసుకునేది ఒక బటన్ ఉండె గదా. గది చూపియ్యి.”

ఏ ఎత్తును వెనక్కి తీసుకుంటావు కాకా, తప్పు చేసింది వాడు కదా, నువ్వు కాదు కదా అన్నాను. నిజంగా నాకు అర్థం కాలేదు.

“నేనే చేసిన,” అన్నాడు.

బటన్ మీదికి మౌసు తీసుకుపోయి పెట్టాను. ఎవరు ఒత్తినా ఆ సైటులో వెనక్కి పోయేది ఆఖరి ఎత్తే. కాక తనే ఒత్తాడు. పుట్టి బుద్ధెరిగాక పెట్టిన పావును వెనక్కి తీసుకోని మనిషి, ఓడిపోయి లేచిపోయాడు గానీ ఆ బటన్ ముట్టని మనిషి, పసుపు మరకల వేలితో గట్టిగా ఒత్తాడు. సిద్ధులగుట్ట వెనక్కి తీసుకోవడానికి అనుమతి అడుగుతున్నాడని తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఖజూర్ నుంచి ఏమీ రాలేదు.

ఎత్తు వేయాల్సింది కాకే, కాబట్టి ఇప్పుడు కరిగేది ఆయన గడియారం. ఏం చేస్తున్నారు, ఏదో ఒకటి ఆడండి, టైం అయిపోతోందని చూసేవాళ్లు గోల పెట్టారు. కాక మౌసు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నిమిషాలు పోయి సెకన్లకు వచ్చింది. వెనక కుర్చీల్లో ఆడవాళ్లు కూడా తమ మాటలు ఆపి మా తెర వైపు తిరిగారు. మా అమ్మ ఎస్తేరమ్మ కష్టమొచ్చినప్పుడు కళ్లు మూసుకొని పెదవులు కదిపినట్టు నేనూ కదిపాను. నాకు అంత భక్తేం లేదు. అయినా కదిపాను.

ఆఖరి సెకన్లలో, ఒప్పుకున్నట్టు వచ్చింది. తెర మీద గుర్రం మళ్లీ బంటు అయింది. ఒక గడి వెనక్కి జరిగింది.

ఇప్పుడు ఆడాల్సింది ఖజూర్. ఆడలేదు. పక్కన, ఇన్ని వారాల్లో మొదటిసారి, ఖజూర్ పేరు ముందు అక్షరాలు పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టినట్టుంది, మధ్యలో తప్పులు. నేను పైకి చదివాను.

“అన్నా, పసుపు పెట్టుడు అయిందా?”

కాక రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. భుజాలు ఊగిపోతున్నాయి. నాలుగేళ్ల తర్వాత తమ్ముడు అడిగింది అది. ఎట్లున్నావని కాదు, నన్ను క్షమించమని కాదు. మా దిక్కు వానలు మొదలుకాగానే పసుపు పెడతారు, అది అయిపోయి నెలలు దాటింది. ఆ మాట వాడికి తెలియక కాదు. నేను కీబోర్డు ముందుకు లాక్కొని, చెప్పు కాకా, ఏం రాయాలో చెప్పు అన్నాను.

“అయిందని రాయి,” అన్నాడు. “తవ్వుడు మాత్రం నాతోని ఒక్కనితోని కాదు అని రాయి. గడువు దాటకముందు ఇంటికి రమ్మని రాయి.”

రాశాను. రెండుసార్లు తప్పు కొట్టాను. అంతలో ఖజూర్ గడియారం అయిపోయింది. సిద్ధులగుట్ట గెలిచాడని తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. ఏం జరిగిందో సగమే అర్థమైన పెద్దులు మామ, గెలిచినవ్ పటేలా అని కాక భుజం తట్టాడు. కాక ఏడుస్తూనే తలూపాడు.

ఇది ఏ భాష, ఏమంటున్నారు అని చూసేవాళ్లు అడుగుతున్నారు. వీళ్లిద్దరూ అన్నదమ్ములు, నాలుగేళ్లుగా ఒకరి జాడ ఒకరికి తెలియదు, ఇప్పుడే తెలిసింది అని నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. అప్పటిదాకా ఊపిరాడకుండా వస్తున్న రాతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. చివరికి పుణె ఇంజనీరు రాశాడు, తెలివితక్కువ పని అన్నందుకు మన్నించమని చెప్పండి అని. మనిషి మంచివాడేలే అనుకున్నాను.

హన్మండ్లు గడువు లోపలే ఎంబసీకి పోయాడు. వాళ్లిచ్చిన తాత్కాలిక కాగితంతో విమానమెక్కాడు. ఒక బిల్డింగు దగ్గర కావలి పని చేస్తూ ఉన్నాడట. శుక్రవారం సూపర్‌వైజర్ ఇంటికి పోయేవాడు, కంప్యూటర్ గదిలో ఉండిపోయేది. ఊరికే చదరంగం సైటు తెరిస్తే, ఆడేవాళ్ల పేర్లలో సిద్ధులగుట్ట కనబడిందట. పిలిచి ఆడితే అవతల బంట్లు ఒక్కో గడే నడిచాయట, అన్నేనని తేలిపోయిందట. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది పసుపు తవ్వే రోజుల్లో, ఏదో కాగితం ప్రింటు తీయించుకోవడానికి నా సెంటర్‌కు వచ్చినప్పుడు. సన్నగా, ఎండకు నల్లబడి ఉన్నాడు. అన్న రోడ్డు అవతల ఎరువుల దుకాణం ముందు బస్తాలు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

ఇన్నాళ్లుగా నన్ను తినేస్తున్న మాట అడిగేశాను. నేను రెండుసార్లు పేరడిగితే పలకలేదు. మీ అన్న పేరు కొట్టి, నేను ఫలానా అని ఒక్క ముక్క రాస్తే పోయేది కదా, ఆ గుర్రం గొడవంతా ఎందుకయ్యా అన్నాను. కాస్త కోపంగానే అన్నాను. ఆ రోజు మేము పడ్డ యాతన తక్కువదా?

హన్మండ్లు గుమ్మం వైపు, రోడ్డు అవతల బస్తా ఎత్తుతున్న అన్న వైపు చూశాడు.

“పేరు రాస్తే జవాబు జెప్పాలె గద చెల్లె,” అన్నాడు. “రావద్దు అంటడేమోనని భయమైంది. గుర్రమైతే గా తిప్పలు లేదు. అన్నకు నేను గావాలంటే గుర్తువడుతడు. వద్దంటే, ఏమెరుగనట్టు ఆట ఆడుకుంట పోతడు. నేను గూడ ఏమెరుగనట్టు ఆడుకుంట ఉంటుంటి.”

అవతలి నుంచి గంగాకిషన్ కాక, ఇంకెంతసేపురా అని కేకేశాడు. హన్మండ్లు కాగితం మడిచి జేబులో పెట్టుకొని, వస్తున్నన్నా అంటూ రోడ్డు దాటి, రెండో బస్తా కింద తన భుజం పెట్టాడు.